మావయ్య లాప్‌టాప్ ఆన్ అవుతోంది

లోకంలో అందరూ లాప్‌టాప్ ఆన్ చేస్తారు. మావయ్య ఒక్కడే ఆన్‌కి పెడతాడు, పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టినట్టు. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వచ్చి, బల్ల మీదున్న ఆ నల్లటి పెట్టె మూత ఎత్తి, మీట నొక్కి, ఇక దానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు వెళ్లిపోతాడు. గడ్డం గీసుకుంటాడు. మొక్కలకు నీళ్లు పోస్తాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. కాఫీ తాగుతూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీలో టెండరు ప్రకటనల దాకా చదువుతాడు. ఆ తర్వాత చెప్పులేసుకుని చల్లగా వీధిలోకి జారుకుంటాడు. ఈ మధ్యలో ఎవరేం అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఆన్ అవుతోంది."

"ఏమండీ, పనిలో కూర్చున్నారా?" అని అత్తయ్య పెరటివైపు వంటింట్లోంచి కేకేస్తే, "ఆన్ అవుతోంది."

ప్రెస్సు మేనేజరు ఫోన్ చేసి, "సార్, సైన్సు పుస్తకం ప్రూఫులు ఎంతవరకు వచ్చాయి?" అంటే, "ఆన్ అవుతోందండీ."

ఒకసారి పై వాటావాళ్లు మెట్ల మీంచి తొంగిచూసి, "నీళ్ల ట్యాంకు నిండిందాండీ?" అని అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండానే, "ఆన్ అవుతోంది" అన్నాడు. ట్యాంకు నిండి, పొంగి, మెట్లన్నీ కడుక్కుంటూ వీధిలోకి వచ్చింది. ఆ రోజు నుంచి వీధిలో ఆయనకు అదే పేరు స్థిరపడింది. కొరియర్ మనిషి వచ్చి ఇంటి నంబరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, "ఆన్ అవుతోంది గారిల్లా?" అంటే చంటిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతారు.

ఆయన వృత్తి బడిపుస్తకాల ప్రూఫులు దిద్దడం. ప్రెస్సు నుంచి పాఠాలు లాప్‌టాప్‌లోకి వస్తాయి, తప్పులు దిద్ది తిరిగి పంపుతాడు. తప్పు పట్టడంలో ఆయనది డేగ కన్నే, ఎవరూ కాదనలేరు. ఆ కన్ను తెరుచుకోవాలంటే మాత్రం ముందు లాప్‌టాప్ తెరుచుకోవాలి. లాప్‌టాప్‌కి కీలు విరిగి చాలా కాలమైంది. మూత వెనక్కి పడిపోకుండా లావుపాటి నిఘంటువు ఒకటి దానికి వీపు ఆనించి కాపలా కాస్తూ ఉంటుంది. నిఘంటువులో మాట చూడాల్సి వస్తే మూత పట్టుకోవడానికి అత్తయ్యని పిలవాలి.

"కట్టుకున్నాక ఇన్ని పనులుంటాయని ఎవరూ చెప్పలేదు నాకు," అనేది అత్తయ్య, ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో గరిట పట్టుకుని.

ఇలాంటి ఇంట్లోకి మేనకోడలు వచ్చి పడింది. ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం వచ్చి, సొంతంగా గది దొరికేదాకా ఉందామని వచ్చిన పిల్ల. వచ్చిన మర్నాడే మావయ్య మీట నొక్కడం, మాయమవడం కళ్లారా చూసింది. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఆ పిల్ల స్నానం చేసి, తల దువ్వుకుని, టిఫిను తిని, ఆఫీసు బ్యాగు సర్దుకుని వచ్చినా చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరో దగ్గుతుంటే చూస్తూ ఊరుకోలేని డాక్టరులా ఆమె ప్రాణం విలవిల్లాడిపోయింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. "మావయ్యా, ఇందులో ఉన్నది పాత హార్డ్ డిస్క్. లోపల పళ్లెం గిర్రున తిరిగి, ముల్లు వెతికి పట్టుకుంటే గానీ ఒక్క అక్షరం బయటికి రాదు. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డి అనే కొత్తరకం డిస్కు పెడదాం. మీట నొక్కి తల తిప్పేలోపు ఆన్ అవుతుంది."

మావయ్య ముఖంలో సంతోషం కనిపించాల్సిన చోట కంగారు కనిపించింది. "ఇప్పుడు దానికంత తొందరేమొచ్చిందే?"

"నీ పనికి తొందర కాదా?"

"వయసు మళ్లినదాన్ని అలా ఉరికించకూడదు. పాపం, ఇన్నేళ్లు చాకిరీ చేసింది."

ఆ తర్వాత ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటే, బయట మబ్బుపట్టింది, కరెంటు పోతుందేమోనన్నాడు. ఆ పై ఆదివారం ఎండ కాస్తోంది, వేడి మీద విప్పితే పాడవుతుందన్నాడు. మూడోసారి వానా ఎండా రెండూ లేవు. అప్పుడు స్క్రూడ్రైవరే లేకుండా పోయింది. ఇల్లంతా వెతికారు. చివరికి మావయ్య గడ్డం గీసుకునే డబ్బాలో, సబ్బు కింద, తడిసి ముద్దయి దొరికింది.

"ఇది ఇందులోకి ఎలా వచ్చింది మావయ్యా?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా," అంటూ నీళ్లు నమిలి, చెప్పులేసుకుని వీధిలోకి తప్పుకున్నాడు మావయ్య.

"అసలు రోజూ ఎక్కడికి వెళ్తాడత్తయ్యా?"

"ఎక్కడికేముంది, వీధి చివర పేపర్ల కొట్టు దగ్గరికి. నలుగురు చేరతారుగా. అక్కడ దేశాన్ని బాగుచేసి వచ్చేసరికి ఇక్కడ ఇది ఆన్ అవుతుంది." అత్తయ్య పెదవి విరిచింది. "ఎదురింటి మేడమీద టైపు మాస్టారు లేరూ, ఆయన దగ్గర టైపు నేర్చుకున్నారు మీ మావయ్య. ఆయన శిష్యుడై ఉండి ఇంత బద్ధకం ఎలా అబ్బిందో!"

టైపు మాస్టారంటే ఆ వీధికి హడల్. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లో ఒక్క అక్షరం తప్పుపడితే కాగితం మొత్తం చించి చేతిలో పెట్టేవాడు. ఇంట్లో తప్పులు చేసేవాళ్లు ఉంటే నిద్ర పట్టదని పెళ్లే చేసుకోలేదు. ఆ మధ్య మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనైంది. చూడ్డానికి వెళ్లినవాళ్లందరినీ, "నా తుంటి సంగతి నీకెందుకు? నీ మోకాలి సంగతి నేను అడిగానా?" అని వెళ్లగొట్టాడు. అత్తయ్య పళ్లు పట్టుకెళ్తే పళ్లు పుచ్చుకోకుండానే తలుపేశాడు. రోజూ నడిపించడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన ఫిజియోథెరపీ మనిషి, "తాతగారూ, ఒక్క అడుగు వేద్దామా?" అని ముద్దుగా అనేసరికి చేతికర్ర చూపించాడట. అతను మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. వంటమనిషి మాత్రం పొద్దున వచ్చి, నోరెత్తకుండా వండిపెట్టి వెళ్తుంది.

ఇలా ఉండగా ఒకరోజు మావయ్య లాప్‌టాప్ ఆన్ అవలేదు. గడ్డమైంది, మొక్కలయ్యాయి, ఇస్త్రీ అయింది, వీధి కూడా అయింది. తిరిగొచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. లోపల్నుంచి టక్, టక్ అని ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు చప్పుడు. పూర్తిచేసిన సైన్సు పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ప్రెస్సు మేనేజరేమో, ఈసారి కూడా ఆలస్యమైతే పుస్తకాలు ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పేశాడు.

ఎప్పుడూ లేనిది మావయ్య గుమ్మంలో నిలబడి మేనకోడలి కోసం ఎదురుచూశాడు. ఆమె రాగానే, "తల్లీ, స్క్రూడ్రైవరు ఎక్కడుందో నాకు తెలుసే," అన్నాడు దీనంగా. ఈసారి బూట్లలో పెట్టాడు.

మేనకోడలు లాప్‌టాప్‌ని చల్లారనిచ్చి, నయానా భయానా లేపి, నడుస్తున్న పని మాత్రం ముందు పెన్‌డ్రైవ్‌లోకి గట్టెక్కించింది. "పాతవన్నీ తర్వాత మెల్లగా లాగుదాం మావయ్యా. ఇది ఇక రోజువారీ చాకిరీకి పనికిరాదు." మావయ్య తలూపాడు. ఇక సాకులేవీ మిగల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి ఆపరేషన్ మొదలైంది. మేనకోడలు ముందు బ్యాటరీ ఊడదీసింది. వెనకనున్న మరలు ఒక్కొక్కటీ విప్పి సాసర్లో వేసింది. మావయ్య ఆసుపత్రి వరండాలో బంధువులా చేతులు కట్టుకుని అటూ ఇటూ తచ్చాడాడు. వెనక రేకు ఎత్తగానే లోపల దూదిలా దుమ్ము.

"ఇల్లంతా ఊడుస్తూనే ఉన్నాను, దుమ్ము తరగదేమిటా అనుకున్నా. ఇక్కడ దాచారన్నమాట," అంది అత్తయ్య ముక్కు మీద వేలేసుకుని.

పాత డిస్కును పక్కకు లాగి బయటికి తీసి, కొత్తదాన్ని మావయ్య అరచేతిలో పెట్టింది మేనకోడలు. ఆయన బరువు చూశాడు. చెవి దగ్గర ఊపి చూశాడు.

"ఏమే, ఖాళీ డబ్బా అంటగట్టారేమో? చప్పుడే లేదు!"

"చప్పుడుండదు మావయ్యా. ఇందులో తిరిగేదేదీ లేదు."

"తిరక్కుండా పనెలా చేస్తుందే?"

"మీరు తిరుగుతూ చేస్తున్న పనేమిటో చూస్తూనే ఉన్నాంగా," అంది అత్తయ్య.

కొత్తది పాతదాని జాగాలో కొలిచినట్టు సరిపోయింది. రేకు మూసి, మరలు బిగించి, పెన్‌డ్రైవ్‌తో సిస్టమంతా కొత్తగా ఎక్కించి, కీలు దగ్గర కూడా ఒక బిళ్ల వేసి బిగించేసరికి సాయంత్రమైంది. నిఘంటువు చాలా కాలం తర్వాత కాపలా ఉద్యోగం మానుకుని అలమరలోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున మావయ్య అలవాటు ప్రకారం మీట నొక్కి, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. గుమ్మం కూడా దాటలేదు.

"మావయ్యా, వచ్చేసింది!"

"ఎవరొచ్చారు?"

"లాప్‌టాప్."

మావయ్య వెనక్కి వచ్చి చూశాడు. తెర తెల్లగా వెలుగుతూ, ఏం కావాలో చెప్పమన్నట్టు చూస్తోంది. ఆయన దాన్ని ఆపేసి మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చేసింది. ఇంకోసారి ఆపి, ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని నొక్కాడు. తెరిచేసరికి అది సిద్ధంగా ఉంది.

"ఇదేంటే, మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వదా?" అన్నాడు. అత్తయ్యా మేనకోడలూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ వారమంతా ఆయన వాలకం చూడాల్సిందే. ప్రూఫులు మధ్యాహ్నానికల్లా అయిపోతున్నాయి. ప్రెస్సు మేనేజరు ఫోన్ చేసి, "సార్, ఒంట్లో బాగానే ఉందా?" అని అనుమానంగా అడిగాడు. చెప్పినదానికంటే ముందే సైన్సు పుస్తకం అప్పజెప్పినందుకు ఇంకో పుస్తకం కూడా పంపాడు. ఇంత జరుగుతున్నా మావయ్య కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాడు. చెప్పులేసుకుంటాడు, గేటు దాకా వెళ్తాడు, ఎదురింటి వైపు ఒకసారి తలెత్తి చూస్తాడు, తిరిగొచ్చి చెప్పులు విప్పుతాడు.

"పని తొందరగా అవుతోందని బెంగపెట్టుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు," అంది అత్తయ్య. నవ్వుతూనే అంది కానీ, ఆయన కాఫీ సగంలో వదిలేయడం ఆమె కూడా గమనించింది. మేనకోడలికి మనసులో ఏదో గుచ్చుకుంది. బాగుచేసిన వస్తువు ఇంతగా మనిషిని పాడుచేయడం ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు.

ఆ శనివారం సెలవు. పొద్దున ఆమె గేటు తీస్తుంటే పైనుంచి కంచుగొంతు వినిపించింది. "అమ్మాయ్! నిన్నే! ఇలా రా!"

ఎదురింటి మేడ మీద కిటికీలో టైపు మాస్టారు. రాననడానికి ధైర్యం చాలక మేనకోడలు మెట్లెక్కింది. గది ముందు పొడవాటి వరండా. ఆయన లోపల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. పక్కన స్టూలు మీద టీ ఫ్లాస్కు, రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి.

"మీ మావయ్య లాప్‌టాప్ చచ్చిందా?"

"లేదు మాస్టారూ, బాగుంది."

"మరి మనిషి ఏడీ? నాకేం అవసరం లేదు. ఊరికే అడిగాను. రోజూ వచ్చి ప్రాణం తీసేవాడు. మాస్టారూ, ఆన్ అవుతోంది, ఇంట్లో ఉంటే మా ఆవిడ పని చెబుతుంది, కాసేపు ఇక్కడ తలదాచుకుంటానని తయారయ్యేవాడు. పైగా కూర్చుంటే ఆయనగారికి కాళ్లు పట్టేస్తాయట! నా జబ్బ పట్టుకుని, రండి మాస్టారూ నడుద్దాం, ఒక్కణ్నీ నడిస్తే తోచదని ఈ వరండా అంతా తిప్పేవాడు. ఒట్టి సోమరి. టైపు నేర్చుకునే రోజుల్లోనూ అంతే."

మేనకోడలు పొంగిపోయింది. వచ్చిన అపవాదు తుడిచేద్దామని గబగబా చెప్పేసింది. "ఇప్పుడలా కాదు మాస్టారూ! నేను కొత్త డిస్కు వేశాగా. మీట నొక్కగానే ఆన్ అయిపోతుంది. ఇక మావయ్య ఎక్కడా కాలక్షేపం చెయ్యక్కర్లేదు."

"మంచి పని చేశావు," అన్నాడు మాస్టారు. చెయ్యి చాచి, స్టూలు మీది రెండో కప్పు తీసి, వెనక అలమరలో పెట్టబోయాడు. అందలేదు. లేవబోయాడు. ఎన్నాళ్లుగానో కుర్చీకి అతుక్కుపోయిన మనిషిలా మోకాళ్లు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. మేనకోడలు సాయానికి ముందుకు రాబోతే, "నీ పని చూసుకో!" అని కసిరాడు.

మెట్లు దిగుతుంటే మేనకోడలికి ఒక్కొక్కటే అర్థమై, నాలుక్కరుచుకుంది. ఆసుపత్రి మనిషిని కర్రతో తరిమిన పెద్దాయన్ని మావయ్య తన కాళ్లు పట్టేశాయని చెప్పి రోజూ నడిపించాడు. పరామర్శకు వచ్చినవాళ్ల మొహాన తలుపేసే మనిషి, తిట్టడానికి ఒక సోమరి దొరికాడని తలుపు తీసి ఉంచాడు.

ఇంటికొచ్చి మావయ్యని నిలదీసింది. "లాప్‌టాప్ వెంటనే ఆన్ అయితే ఏం, అవకపోతే ఏం? మామూలుగానే వెళ్లొచ్చుగా?"

"ఏమని వెళ్లనే?" మావయ్య గొంతు తగ్గించాడు. "పనీపాటా లేకుండా వెళ్తే ఒక్క క్షణంలో పసిగడతాడు. అక్షరం తప్పు పట్టినవాడికి నా మొహంలో జాలి పట్టుకోవడం ఎంతసేపు? వేరే సాకు చెబుదామని రోజూ గేటు దాకా వెళ్తున్నా. ఆయన ముందు నాకు అబద్ధం రాదు. ఇదంటే నిజంగానే ఆన్ అయ్యేది కాదు, కూర్చుని కూర్చుని కాళ్లూ నిజంగానే పట్టేసేవి కనక సరిపోయింది."

"మాకైనా చెప్పొచ్చుగా!"

"మీ అత్తయ్యకి చెప్తే పళ్లు పట్టుకుని నా వెనకే వచ్చేది."

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తయ్య, పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని, "వచ్చేదాన్నే," అంది. "పేపర్ల కొట్టు దగ్గర దేశాన్ని ఉద్ధరిస్తున్నారని ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆడిపోసుకున్నాను కదండీ!"

మేనకోడలు ఇక ఆగలేదు. సొరుగులోంచి పాత డిస్కు తీసింది. ఆఫీసు బ్యాగులోంచి ఒక చిన్న డబ్బా తీసి, డిస్కును అందులో కూర్చోబెట్టి, తీగతో లాప్‌టాప్‌కి తగిలించింది. లోపల పళ్లెం మూలుగుతూ తిరగడం మొదలుపెట్టింది.

"మావయ్యా, నీ పాత ప్రూఫులన్నీ ఇందులో ఉండిపోయాయి కదా. కొత్తదానిలోకి కాపీ చెయ్యాలి. కానీ ఇది ముసలిది, ఒకేసారి లాగితే ఆగిపోతుంది. రోజుకో పుస్తకం చొప్పున పెట్టాలి."

తెరమీద పచ్చటి గీత ఒకటి పుట్టి, కదలాలా వద్దా అన్నట్టు కదిలింది. మావయ్య ముక్కు తెరకి ఆనేంత దగ్గరకు వచ్చాడు. "ఒక్కో పుస్తకానికి ఎంతసేపు పడుతుందే?"

"నీ గడ్డం, మొక్కలు, ఇస్త్రీ, కాఫీ, పేపరు అయి, ఇంకా బోలెడు మిగులుతుంది."

"అబద్ధం కాదుగా?"

"నువ్వే చూడు."

మావయ్య చూశాడు. గీత నిజంగానే కదలడం లేదు. ఆయన మొహం చాటంత అయింది. గడ్డం గీసుకోలేదు, మొక్కల వంక చూడలేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్తయ్య చెప్పు వేసుకుని గేటు దాటి, వీధి మధ్యలో నిలబడి కిటికీ వైపు కేకేశాడు. "మాస్టారూ! కాపీ అవుతోంది!"

"అయితే నన్నేం చెయ్యమంటావురా?" పైనుంచి కంచుగొంతు.

"చాలాసేపు పట్టేలా ఉంది మాస్టారూ! పైగా కాళ్లు పట్టేశాయి!"

"చెప్పులు సరిగ్గా వేసుకోవడం చేతకానివాడికి కాళ్లు పట్టక ఏమవుతాయి! రా, ఏడుద్దువుగాని."

ఆ తర్వాత రోజూ మేడమీద వరండాలో తిట్లు వినిపిస్తూ వచ్చాయి. మొదట కర్ర చప్పుడుతో కలిసి వినిపించాయి, పోను పోను కర్ర లేకుండా వినిపించాయి. ఒక ఉదయం మాస్టారు మెట్ల దాకా నడిచొచ్చి, ఆఫీసుకు వెళ్తున్న మేనకోడల్ని వేలితో పిలిచాడు. మావయ్య లోపల కప్పులు కడుగుతున్నాడు.

"అమ్మాయ్, ఆ పాత పుస్తకాలు ఇంకా ఎన్ని మిగిలాయి?"

"కొంచెమే ఉన్నాయి మాస్టారూ."

ఆయన గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూశాడు. "అవి అయిపోయాక, కొత్తదానిలోంచి మళ్లీ వేరే డిస్కులోకి కాపీ తీసి ఉంచుకోవడం మంచిది. భద్రం. మంచి పాతది, నెమ్మదైనది చూసి పెట్టు. నేను చెప్పానని వాడికి చెప్పకు. జాలిపడ్డాననుకుంటాడు వెధవ."

ఆ ఆదివారం మేనకోడలు బల్ల దగ్గరికి వచ్చి చూసేసరికి పచ్చటి గీత ఆ చివరికి చేరి ఉంది. ఆ రోజు పుస్తకం ఎప్పుడో అయిపోయింది. కిటికీలోంచి చూస్తే ఎదుటి వరండాలో ఇద్దరూ నడుస్తున్నారు. ఎవరి జబ్బ ఎవరు పట్టుకున్నారో ఇక్కణ్నుంచి తెలియడం లేదు. మాస్టారు చెయ్యి ఊపుతూ ఏదో తిడుతున్నాడు, మావయ్య బుద్ధిగా తలూపుతున్నాడు.

వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "ఏమే, టిఫిను చల్లారిపోతోంది. కాపీ అయిపోతే మీ మావయ్యని కేకెయ్యి. అయిందా?"

మేనకోడలు లాప్‌టాప్ మూత మెల్లగా దించింది.

"అవుతోంది అత్తయ్యా," అంది.